ఐదు శాతం ఎలా పోయింది, నాలుగు శాతం ఎలా నిలిచింది: మన రిజర్వేషన్ తారీఖ్

ఎలక్షన్ల మౌసమ్ వచ్చిందంటే మన మొహల్లాల్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, "మనం ఓటేశాం కాబట్టే నాలుగు శాతం ఇచ్చారు." రెండోది, "వాళ్లు గెలిస్తే ఆ నాలుగు శాతం తీసేస్తారు." మొదటి మాటలో షుక్రియా ఉంది, రెండో మాటలో ఖౌఫ్ ఉంది. రెండింట్లోనూ నిజం సగమే ఉంది. హుకూమత్ ఓటుతో వస్తుంది, సరే. కానీ హుకూమత్ రాసిన కాగితం నిలబడాలంటే ఓటొక్కటే చాలదు. అదాలత్ ఒప్పుకోవాలి. అదాలత్ ఒప్పుకోవాలంటే ఎవరు ఎంత వెనకబడ్డారో లెక్క చూపించాలి. ఆ లెక్క చూపించాలంటే మనలో మనకున్న ఎక్కువ తక్కువలు మనం ఒప్పుకోవాలి. నాలుగు శాతం తారీఖ్ అంతా ఈ మూడు మెట్ల మీదే నడిచింది.

నేను విలేకరిని. చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ చేసింది తెలుగులో. మా చంద్రశేఖరపురం వైపు పిల్లలు ఇంటర్ పాసయ్యాక తండ్రులు ఫోన్ చేసి అడిగే మొదటి సవాల్ ఇదే: "భాయ్, మనోళ్లకు బీసీ-ఈ వస్తుందా? ఇది ఎన్నాళ్లుంటుంది?" ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

మద్రాసు రోజుల మాట

ముస్లింలకు సర్కారీ కొలువుల్లో వాటా అనేది 2004లో పుట్టిన మాట కాదు. మన ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అంతకుముందు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతమంతా 1953 దాకా మద్రాసు కింద ఉంది. ఆ మద్రాసు హుకూమత్ కొలువుల భర్తీకి ఒక వరస పెట్టింది. దాన్నే కమ్యూనల్ జీవో అంటారు. 1927 నాటి వరస ప్రకారం ప్రతి 12 కొలువుల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 2, దళితులకు 1. 1947లో దీన్ని మార్చి 14 చేశారు. అందులో ముస్లింల వాటా 1కి తగ్గింది.

రాజ్యాంగం వచ్చాక ఈ వరస అదాలత్‌కెక్కింది. మెడికల్ కాలేజీ, ఇంజినీరింగ్ కాలేజీ సీట్ల విషయంలో చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మతం, కులం పేరు మీద సీట్లు పంచడం సమానత్వానికి ఖిలాఫ్ అంది. మద్రాసులో పెద్ద హంగామా అయింది. నెహ్రూ సర్కారు ఆ ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15(4) అధికరణం తెచ్చింది. అప్పటినుంచి మాట మారింది. వాటా "మతానికి" కాదు, "సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతులకు". అంతకు రెండేళ్ల ముందే, 1949లో, చట్టసభల్లో మత మైనారిటీలకు సీట్ల రిజర్వేషన్ వద్దని రాజ్యాంగ సభ తేల్చేసింది. అంటే ముస్లిం అన్న పేరుతో దర్వాజా మూసుకుంది, వెనకబాటు అన్న పేరుతో కిటికీ తెరుచుకుంది. తర్వాత జరిగిందంతా ఆ కిటికీలోంచి లోపలికి రావడానికి చేసిన కోషిషే.

1968లో ఒక పాఠం

ఆంధ్రప్రదేశ్ హుకూమత్ 1966లో 112 వెనకబడిన కులాల జాబితా ఒకటి తయారు చేసింది. 1968లో సుప్రీంకోర్టు దాన్ని చెల్లదంది. కారణం చిన్నదే: ఈ కులాలు వెనకబడ్డాయని మీరెలా తేల్చారు? ఏ లెక్క చూశారు? హుకూమత్ దగ్గర జవాబు లేదు. అప్పుడు అనంతరామన్ కమిషన్ వేశారు. ఆ కమిషన్ జిల్లాలు తిరిగి, లెక్కలు పోగు చేసి 1970లో రిపోర్టు ఇచ్చింది. దాని మీద 25 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఏ, బీ, సీ, డీ అని నాలుగు గ్రూపులు. ఏకి 7, బీకి 10, సీకి 1, డీకి 7. దాని మీదా కేసు పడింది. హైకోర్టు కొట్టేసింది కూడా. కానీ 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు ఆ జాబితాను నిలబెట్టింది. లెక్క లేని జాబితా పోయింది, లెక్క ఉన్న జాబితా నిలిచింది. ఈ పాఠం 2004లో ఎవరికీ యాద్ రాలేదు.

ఇంకో సంగతి. 1970 నుంచే బీసీ జాబితాలో మనవాళ్లున్నారు. దూదేకుల, నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అని పిలిచే మన భాయీలు గ్రూప్ బీలో ఉన్నారు. పాకీపని చేసే మెహతర్ ముస్లింలు గ్రూప్ ఏలో ఉన్నారు. అదే పని చేసే హిందువులకు ఎస్సీ హోదా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే, తర్వాత సిక్కులకూ బౌద్ధులకూ పరిమితం చేసింది కాబట్టి మెహతర్లకు ఆ దారి లేదు. పని ఒకటే, చీపురు ఒకటే, హక్కు మాత్రం వేరు.

దూదేకుల భాయీల గురించి ఒక చేదు నిజం చెప్పుకోవాలి. ఉర్దూ మాట్లాడే మన ఇళ్లల్లో వాళ్లను చాలాకాలం తక్కువగానే చూశారు. "వాళ్లు తెలుగోళ్లు, వాళ్లకు ఉర్దూ రాదు" అని నికాహ్ సంబంధాలు కూడా కలుపుకోలేదు. తమాషా ఏమిటంటే, వెనకబాటును దాచుకోకుండా రాయించుకున్న ఆ బిరాదరీకి 1970 నుంచే కాలేజీ సీట్లలో, కొలువుల్లో హక్కు దక్కింది. "మాలో జాత్ లేదు" అని గర్వంగా చెప్పుకున్న మిగతా కౌమ్‌కు ఇంకో 37 ఏళ్లు పట్టింది.

బంపర్ మెజారిటీ ఉన్నా చాలలేదు

1986లో ఎన్టీ రామారావు హుకూమత్ బీసీల వాటాను 25 నుంచి 44 శాతానికి పెంచింది. అప్పటికి ఆయన పార్టీకి అసెంబ్లీలో ఎదురులేని బలం ఉంది. బీసీ జనం ఆయన వెనక ఉన్నారు. ఇటు రిజర్వేషన్ల వ్యతిరేక ఆందోళనలతో కాలేజీలు అట్టుడికాయి. కొన్ని నెలల్లోనే హైకోర్టు ఆ పెంపును కొట్టేసింది. ఓటు బలం ఉన్నా, ఆవామ్ రాయ్ సగం అటు సగం ఇటు ఉన్నా, ఆఖరి ఫైసలా మాత్రం అదాలత్‌దే అయింది. 1992లో ఇంద్రా సహానీ కేసులో, అదే మనం మండల్ కేసు అంటామే, సుప్రీంకోర్టు మామూలుగా రిజర్వేషన్లన్నీ కలిపి 50 శాతం దాటకూడదని గీత గీసింది. మన కథలో ఆ గీతది పెద్ద పాత్ర.

ఐదు శాతం

2004 మేలో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ముస్లింలకు రిజర్వేషన్ ఆయన పార్టీ చేసిన వాదా. జూలై 12న జీవో 33 వచ్చింది: ముస్లింలందరినీ బీసీ-ఈ గ్రూపుగా చేసి 5 శాతం. నేనప్పుడు పత్రికలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి. ఆ వార్త వచ్చిన రోజు మసీదుల దగ్గర జనం ముబారక్‌లు చెప్పుకున్నారు. హిసాబ్ మాత్రం ఎవరూ వేయలేదు. బీసీలకు 25, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6. కలిపితే 46. దానికి 5 కలిపితే 51. గీత దాటింది.

సెప్టెంబర్ 21న హైకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం జీవోను కొట్టేసింది. ఆ తీర్పులో మనవాళ్లు చాలామంది పట్టించుకోని ఒక మంచి మాట ఉంది. ముస్లింలను వెనకబడిన తరగతిగా గుర్తించడానికి రాజ్యాంగం అడ్డు రాదు, కానీ వెనకబాటును తేల్చాల్సింది బీసీ కమిషన్, ఆ కమిషన్‌ను అడగకుండా జీవో ఇవ్వడం తప్పు, అని. అంటే అదాలత్ దర్వాజా మూయలేదు, తాళంచెవి ఎక్కడుందో చెప్పింది.

2005లో హుకూమత్ బీసీ కమిషన్‌ను అడిగింది. జస్టిస్ దాళ్వ సుబ్రహ్మణ్యం కమిషన్ సిఫారిష్ మీద మళ్లీ 5 శాతం ఆర్డినెన్స్, ఆ తర్వాత చట్టం. నవంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. ఈసారి అభ్యంతరం వేరు. ముస్లింలందరూ ఒకే ముద్దగా వెనకబడ్డారని ఏ కొలమానంతో తేల్చారు? ఒక నవాబు ఖాందాన్, ఒక ఫకీర్ ఖాందాన్ ఒకటేనా? సవాల్ కఠినమే. కానీ నా-ఇన్సాఫీ సవాల్ కాదు.

ఆ సమయంలోనే ఢిల్లీలో సచార్ కమిటీ పని చేస్తోంది. 2006 నవంబర్‌లో రిపోర్టు వచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలలో 59.1 శాతం అని చూపించింది. మన వెనకబాటు మీద జజ్బాతీ తఖ్రీర్లు బోలెడు విన్నాం. సర్కారీ ముద్ర ఉన్న అంకెలు అంత వివరంగా చేతికొచ్చింది అప్పుడే. అదే రిపోర్టు ముస్లింలలో అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అన్న మూడు పొరల గురించి కూడా మాట్లాడింది. మన ఉలమా, మన లీడర్లు ఆ పేజీలను గబగబా తిప్పేశారు.

చక్కి టాకేవాళ్లు జాబితాలోకి ఎలా వచ్చారు

2007లో హుకూమత్ పి.ఎస్. కృష్ణన్‌ను సలహాదారుగా పెట్టుకుంది. రిటైరైన ఐఏఎస్ అధికారి. దళితులు, బీసీల విషయాల్లో జిందగీ గడిపిన మనిషి. ముస్లిం కాదు. ఆయన చేసిన పని మనం చేసి ఉండాల్సింది: కౌమ్‌ను ఒక ముద్దగా కాకుండా బిరాదరీల వారీగా చూశారు. జూన్‌లో రిపోర్టు ఇచ్చారు. దాన్ని బీసీ కమిషన్ పరిశీలించింది. జూలైలో ఆర్డినెన్స్ వచ్చింది. తర్వాత అది 2007 నాటి 26వ చట్టం అయింది. వాటా 5 కాదు, 4. 46కి 4 కలిపితే సరిగ్గా 50. అప్పటి మంత్రి మహమ్మద్ అలీ షబ్బీర్ పేరు ఈ చట్టంతో కలిపి ఇప్పటికీ వినిపిస్తుంది. కృష్ణన్ పేరు మాత్రం మన ఇళ్లల్లో పిల్లలకు తెలియదు. తెలియాలి.

ఆ చట్టం జాబితా ఒకసారి చదవండి. అది మన తెలంగాణ, ఆంధ్రా ముస్లింల అసలు తస్వీర్. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ముస్లిం ధోబీలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గోసంగి ముస్లింలు, గుడ్డి ఎలుగువాళ్లు, హజామ్‌లు, లబ్బీలు, బోరేవాలే, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు, తురక కాశలు. తురక కాశలనే కక్కు కొట్టే జింక సాయిబులనీ, చక్కి టాకేవాళ్లనీ అంటారు. తిరగలి రాళ్లు అరిగిపోతే ఇంటింటికీ వచ్చి ఉలితో గాట్లు పెట్టేవాళ్లు. మిక్సీలు, పిండి మరలు వచ్చాక ఆ పని పోయింది. ఎలుగుబంటిని ఆడించే పని చట్టం వద్దన్నాక పోయింది. రమజాన్‌లో సెహరీకి దఫ్ కొట్టి లేపే ఫకీర్ల స్థానంలో సెల్‌ఫోన్ అలారం వచ్చింది. పని పోయినా పేరు మిగిలింది. ఆ పేరే ఇప్పుడు హక్కయింది.

ఈ పద్నాలుగు కాకుండా మిగతా ముస్లిం సమూహాలకు కూడా చట్టంలో చోటుంది. కానీ పదింటిని పేరు పెట్టి బయట ఉంచారు: సయ్యద్‌లు, మొఘల్‌లు, పఠాన్‌లు, ఇరానీలు, అరబ్బులు, బోహ్రాలు, ఖోజాలు, కచ్చీ మెమన్లు, జమాయత్‌లు, నవాయత్‌లు. ఇక్కడ చాలా మనసులు నొచ్చుకున్నాయి. మన పశ్చిమ ప్రకాశంలో ఆటో తోలే సయ్యద్ ఉన్నాడు, పంక్చర్లేసే పఠాన్ ఉన్నాడు. వాళ్ల బిడ్డలు "పక్కింటి షేక్ పిల్లకు సీటొచ్చింది, మాకెందుకు రాదు" అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. చట్టం ఇచ్చే జవాబు ఇది: రాజ్యాంగం అడిగేది సామాజిక వెనకబాటు. ఈ రోజు జేబులో డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. సయ్యద్ పేదవాడైనా దావత్‌లో ముందు వరసలో కూర్చోబెడతారు. మెహతర్ భాయ్ డబ్బున్నవాడైనా పిల్లనివ్వడానికి వెనకాడతారు. ఆ తేడా మనం కాదన్నా ఉంది. పేదరికం పేరుతో వచ్చే 10 శాతం ఈడబ్ల్యూఎస్ 2019లో వచ్చింది. ఏ రిజర్వేషనూ లేని సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఆదాయం, ఆస్తి షరతులకు సరిపోతే ఆ దారిలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఊరుకునే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు.

దీన్‌లో అందరూ బరాబర్. ఇందులో నాకే షక్ లేదు. ఒకే సఫ్‌లో నిలబడి నమాజ్ చదువుతాం. సఫ్ విడిచి బయటికొచ్చాక ఏం చేస్తున్నాం అన్నదే హుకూమత్ అడిగిన సవాల్.

2010: సగం గెలుపు

2010 ఫిబ్రవరి 8న హైకోర్టులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 5-2 తేడాతో ఈ చట్టాన్ని కూడా కొట్టేసింది. సర్వే పద్ధతి సరిగా లేదనీ, ఇది ఒక మతానికే పరిమితమైన రిజర్వేషన్ అనీ మెజారిటీ జడ్జీలు అన్నారు. నెలన్నర తర్వాత, మార్చి 25న, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అసలు విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపి, అప్పటిదాకా ఆ 14 సమూహాలకు రిజర్వేషన్ నడవనిమ్మంది. ఆఖరి ఫైసలా రాకుండానే పదిహేనేళ్లు గడిచాయి. ఇన్నేళ్లలో మన బిడ్డలు ఎంతోమంది డాక్టర్లు, ఇంజినీర్లు, టీచర్లు అయ్యింది ఆ మధ్యంతర ఉత్తర్వు మీదనే. ఇంటికి పక్కా పట్టా లేదు, కానీ ఖాళీ చేయించొద్దని స్టే ఉంది. మన హాల్ అది.

దీన్నిబట్టి ఎలక్షన్ మాటలను తూచుకోండి. తెలంగాణలో 12 శాతం ఇస్తామన్న వాదాతో 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. ఓటు ఉంది, మెజారిటీ ఉంది, సుధీర్ కమిషన్ రిపోర్టు కూడా ఉంది. 50 శాతం గీత దాటుతుంది కాబట్టి కేంద్రం, రాష్ట్రపతి ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. బిల్లు అక్కడే ఆగింది. మరోవైపు, 2024 ఎలక్షన్లలో ముస్లిం రిజర్వేషన్ మీద జాతీయ స్థాయిలో గట్టి విమర్శలు వచ్చాయి. అదే కూటమిలో ఉన్న చంద్రబాబు నాయుడు మాత్రం ఆంధ్రాలో 4 శాతం కొనసాగుతుందని చెప్పారు. ఎందుకు? మన రాష్ట్రంలో ఏ పార్టీ అయినా లెక్కలోంచి తీసేయలేనన్ని ఓట్లు మనకున్నాయి. 2001 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మనం 9.2 శాతం. ఓటు హక్కును తెచ్చిపెట్టలేకపోవచ్చు. వచ్చిన హక్కు మీద చెయ్యి వేయకుండా కాపలా మాత్రం కాస్తుంది.

అమెరికాలో ఏం జరిగింది

ఇది మన ఒక్కళ్ల గొడవ కాదు. అమెరికాలో నల్లజాతి వాళ్లకు, ఇతర మైనారిటీలకు కాలేజీల్లో ఇచ్చే ప్రాధాన్యాన్ని అఫర్మేటివ్ యాక్షన్ అంటారు. ఆ మాట 1961లో కెన్నెడీ ఇచ్చిన ఉత్తర్వుతో సర్కారీ భాషలోకి వచ్చింది. 1978లో బాకీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇన్ని సీట్లని కోటా పెట్టకూడదంది, జాతిని ఒక అంశంగా చూడొచ్చంది. 1996లో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఏకంగా ఆవామ్‌నే ఓటడిగి సర్కారీ కాలేజీల్లో దాన్ని ఎత్తేశారు. 2020లో మళ్లీ తెద్దామా అని ఓటడిగితే జనం వద్దన్నారు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు దేశమంతటా యూనివర్సిటీ ప్రవేశాల్లో జాతిని చూడటాన్ని దాదాపు ఆపేసింది. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల హక్కును ఎక్కువ సంఖ్య ఓటింగ్‌కు పెడితే ఏమవుతుందో కాలిఫోర్నియా చూపించింది. అందుకే అదాలత్ మన మీద కఠినంగా ఉన్నా, అదాలత్ ఉండటమే మనకు ఆసరా.

అదే అమెరికాలో గిలెన్స్, పేజ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 2014లో ఒక పరిశోధన అచ్చువేశారు. 1981 నుంచి 2002 దాకా 1,779 పాలసీ విషయాలు తీసుకుని, ఎవరి రాయ్ ప్రకారం ఫైసలాలు జరిగాయో తూచారు. డబ్బున్నవాళ్ల మాటకు, వ్యాపార సంఘాల మాటకు బరువుంది. మామూలు మనిషి రాయ్‌కి విడిగా బరువు దాదాపు లేదని వాళ్లు తేల్చారు. ఆ లెక్క కట్టిన తీరు మీద తర్వాత బహస్ జరిగింది, అది వేరే సంగతి. నాకు అందులో కనిపించే పాఠం ఇది: ఓటేసి ఇంటికెళ్లి కూర్చునేవాడి రాయ్ ఎక్కడా చేరదు. కాగితాలు పట్టుకుని కమిషన్ ముందు, కలెక్టర్ ముందు, అదాలత్ ముందు కూర్చునేవాడి రాయ్ చేరుతుంది.

మన చేతిలో ఉన్నది

రేపు రాజ్యాంగ ధర్మాసనం ఈ కేసు వింటే మళ్లీ అడిగేది అదే: లెక్క చూపించండి. కృష్ణన్ లెక్క 2007 నాటిది. ఆ తర్వాత మన బిరాదరీల్లో ఎంతమంది చదివారు, ఎంతమంది బడి మానేశారు, ఎంతమంది హైదరాబాద్‌కూ బెంగళూరుకూ కూలికి పోయారు, ఆడపిల్లల తాలీమ్ ఎక్కడ ఆగిపోతోంది? ఈ హిసాబ్ మన దగ్గర లేదు. మసీదు కమిటీల దగ్గర చందాల రిజిస్టర్ ఉంటుంది, జనాజా డోలీకి రిజిస్టర్ ఉంటుంది. మొహల్లాలో బడి మానేసిన పిల్లల రిజిస్టర్ ఎందుకుండదు? ఒక్క ఆదివారం జొహర్ నమాజ్ తర్వాత నలుగురు కుర్రాళ్లు కూర్చుంటే చంద్రశేఖరపురం లాంటి ఊరి లెక్క అయిపోతుంది.

జనగణన వాళ్లు వచ్చినప్పుడు కులం అడిగితే "ముస్లిం" అని ఒక్క మాట చెప్పి పంపేయకండి. బిరాదరీ పేరు సరిగ్గా రాయించండి. హజామ్ అని రాయించుకోవడం శరమ్ కాదు, ఫకీర్ అని రాయించుకోవడం శరమ్ కాదు. ఎలుగుబంటి తాడు పట్టుకుని ఊరూరా తిరిగిన ఒక దాదా పేరు మీద ఆయన మనవరాలు మెడిసిన్ సీటు తెచ్చుకుంటే, ఆ పేరును దాచుకోవాల్సిన అవసరం ఆ బిడ్డకు లేదు, మనకూ లేదు.